ఎనభైల్లో వేరే దారి తొక్కిన సినిమాలు

*హిట్టు, ఫ్లాపు లెక్కలు ఎప్పుడో చెరిగిపోయాయి. చూసినవాళ్లు మాత్రం వాటి గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.*

పెద్ద హోటల్ గది. మెత్తటి పరుపు, చల్లటి గాలి, చీమ చిటుక్కుమన్నా వినిపించే రాత్రి. ఆ పరుపు మీదున్న కుర్రాడికి నిద్ర పట్టడం లేదు. అటు దొర్లుతాడు, ఇటు దొర్లుతాడు, లేచి కూర్చుంటాడు. మొన్నటిదాకా అతను పడుకున్నది సినిమా హాలు పక్కనున్న లాడ్జి గదిలో. హాల్లో ఫైటింగుల చప్పుడు, అరుపులు చెవిలో పడుతుంటేనే అతనికి కన్ను మూతపడేది. చివరికి టేప్ రికార్డర్ పట్టుకుని పాత చోటుకు వెళ్తాడు. ఆ రణగొణ ధ్వని మొత్తాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించుకొస్తాడు. హోటల్లో అది పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు.

ఇంతసేపూ తెర మీద ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. అయినా ఆ కుర్రాడి పేదరికం, ఆశ, అలవాటు అన్నీ మనకు తెలిసిపోయాయి. అది 1987లో వచ్చిన ‘పుష్పక విమానం’. ఆ కుర్రాడు కమల్ హాసన్. తీసింది మన సింగీతం శ్రీనివాసరావు.

పాత సినిమాలు మళ్లీ హాళ్లకు వస్తున్న కాలమిది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలు వేసినప్పటి నుంచి ఆ జోరు తగ్గలేదు. 2025 మేలో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ కొత్త ప్రింటుతో వచ్చింది. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. అయితే ఈ వరుసలో దాదాపుగా కనిపించేవి పెద్ద హీరోల విజయాలే. అదే కాలంలో వేరే దారి తొక్కి, కొన్నిచోట్ల ఆడి, కొన్నిచోట్ల ఆడక, ఆ తరువాత జనం నోళ్లలో పడి బతికిన సినిమాలు మరికొన్ని ఉన్నాయి. వాటిని విమర్శకులు కాపాడలేదు, వసూళ్లూ కాపాడలేదు. టీ కొట్టు దగ్గర, హాస్టల్ మెస్సులో, పెళ్లి భోజనాల బంతిలో ఊరికే చెప్పుకున్న మాటలు కాపాడాయి. ఆ కబుర్లకు నిలువెత్తు గౌరవం ఇవ్వాలన్నదే ఈ కథనం.

మాటలు మానేసిన సాహసం

సింగీతం నెల్లూరు జిల్లా మనిషి. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసి వచ్చారు. ప్రయోగాల జోలికి పోవడం ఆయనకు కొత్త కాదు. 1981లో కమల్‌తో తీసిన ‘అమావాస్య చంద్రుడు’లో కథానాయకుడు అంధుడైన వయొలిన్ కళాకారుడు. దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ అందులో తాతగా నటించారు. మంచి సినిమా అన్నారు కానీ డబ్బు రాలేదు. 1985లో ‘మయూరి’. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్ కథ అది. ఆ పాత్రను ఆమెతోనే వేయించారు.

వాటి తరువాత అసలు మాటలే లేని సినిమా. మూకీల కాలం పోయి దాదాపు అరవై ఏళ్లయ్యాక అలాంటి కథకు నిర్మాతను వెతుక్కోవాలంటే గుండె ధైర్యం కావాలి. కన్నడ సీమ నుంచి శృంగార్ నాగరాజ్ సింగీతంతో చేయి కలిపారు. బెంగళూరులో తీశారు. సంగీతం ఎల్.వైద్యనాథన్. దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ మొదలవగానే వినిపించే ఆ బాణీ ఆయనదే. చేతిలో మంచు కత్తి పట్టుకుని తిరిగే హంతకుడిగా టినూ ఆనంద్, తాగి రోడ్డు మీద పడిపోయే ధనవంతుడిగా సమీర్ ఖఖ్ఖర్, ఇంద్రజాలికుడి కూతురిగా అమల కనిపిస్తారు. ఏ భాష వాళ్లకూ డబ్బింగ్ అక్కర్లేదు, పేరు మార్చితే చాలు. తమిళంలో ‘పేసుం పడం’, హిందీలో ‘పుష్పక్’ అయింది. సంపూర్ణ వినోదాన్నిచ్చిన ఉత్తమ జనరంజక చిత్రంగా జాతీయ అవార్డు దక్కింది.

ఈ సినిమా మాటెత్తితే చాలామంది ముందు మంచు కత్తి గురించే చెబుతారు. ఎండకు కరిగిపోయే ఆయుధం మరి, ఎవరికైనా గుర్తుంటుంది. నా మనసులో నిలిచిపోయింది మాత్రం పి.ఎల్.నారాయణ వేసిన బిచ్చగాడు. నిరుద్యోగి అయిన ఆ కుర్రాడు తన దగ్గరున్న చిల్లర చూపించి మురిసిపోతే, బిచ్చగాడు కింద దాచుకున్న నోట్లు చూపిస్తాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు, చూపులే. తరువాత ఒకరోజు ఆ బిచ్చగాడు చనిపోతాడు. శవాన్ని పట్టించుకోకుండా జనం దాని కిందున్న డబ్బు కోసం ఎగబడతారు. అదంతా చూసిన కుర్రాడి ముఖంలో ఏదో మారుతుంది. తాగుబోతు ధనవంతుడి హోటల్ గదిలో దొంగతనంగా అనుభవిస్తున్న దర్జా మీద అతనికి తొలిసారి అనుమానం పుట్టింది అక్కడే అనిపిస్తుంది. రంగస్థలం నుంచి వచ్చిన నారాయణ తప్ప మరొకరు ఆ కాస్త నిడివిలో అంత బరువు మోయగలిగేవారని నేననుకోను.

గోదారి గట్టున పుట్టిన వింతలు

ఎనభైల వేరే దారి గురించి తెలుగువాళ్లు మాట్లాడుకుంటే వంశీ పేరు రాకుండా ఉండదు. కథలు, నవలలు రాసే కుర్రాడు దర్శకుడై 1982లో ‘మంచుపల్లకి’ తీశాడు. 1984లో తన నవల ‘మహల్లో కోకిల’నే ‘సితార’గా మలిచాడు. శిథిలమైపోతున్న కోటలో బందీలా బతికే అమ్మాయిగా భానుప్రియ, పగటి వేషగాడిగా సుమన్. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, పాట పాడిన ఎస్.జానకికి ఉత్తమ గాయని అవార్డు దక్కింది. మరుసటి ఏడాది ‘అన్వేషణ’. పక్షుల కూతల్లో సంగీతాన్ని వెతుక్కుంటూ అడవికి వచ్చిన అమ్మాయి, పులి చంపిందనుకుంటున్న మనుషులు, చెట్ల మధ్య నుంచి వినిపించే ఇళయరాజా. ఆ సినిమా చూశాక చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి జంకిన పిల్లలు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు.

1986లో ‘లేడీస్ టైలర్’. అదృష్టం పట్టాలంటే తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని పెళ్లాడాలని జోస్యం విని, దాని కోసం ఊరంతా వెతికే సోమరి దర్జీ సుందరం. ఆ పాత్రలో రాజేంద్రప్రసాద్. కథ రెండు ముక్కల్లో చెబితే ఎవరైనా మొహం చిట్లిస్తారు. తెర మీద నిలబెట్టింది మాత్రం ఊరు. మల్లికార్జునరావు బట్టల సత్తి, రాళ్లపల్లి, శుభలేఖ సుధాకర్, మాటలకు ‘జ’ తగిలించి మాట్లాడుకునే దొంగభాష. బళ్లో పిల్లలు ఆ భాష నేర్చుకుని మాస్టార్లను ఏడిపించారు. మాటలు రాసిన తనికెళ్ల భరణికి అదే పెద్ద గుర్తింపు తెచ్చింది. ఇందులో టీచరమ్మ సుజాతగా నటించిన అర్చన ఆ తరువాత తమిళ ‘వీడు’కు, బి.నర్సింగరావు తీసిన ‘దాసి’కి వరుసగా రెండేళ్లు జాతీయ ఉత్తమ నటి అయింది. సుందరం వెంటపడిన సుజాత, గడీలో నలిగిపోయిన దాసి ఒకే మనిషని చెబితే కొత్తగా చూసేవాళ్లు నమ్మరు.

1987లో ‘శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్’ వచ్చింది. నరేష్, మాధురి ముఖ్య పాత్రలు. దొరబాబుగా భరణి స్వయంగా తెర మీదికొచ్చాడు. నా లెక్కలో వంశీ తీసినవాటిలో మనసుకు అన్నిటికన్నా దగ్గరైన సినిమా ఇదే. పెద్ద హీరోల పాటలకు వాళ్లలాగే వేషం కట్టి ఆడేవాళ్ల బతుకు ఇందులో కథ. తెర మీద నవ్వులున్నాయి గానీ ఆ మనుషుల్ని చూసి నవ్వడం లేదు. ఆ తేడా పట్టుకున్న దర్శకులు మనకు తక్కువ.

> రికార్డింగ్ డాన్స్ అంటే...
> తీర్థాల్లో, జాతరల్లో, అమ్మవారి సంబరాల్లో రాత్రంతా నడిచే ఆట ఇది. మైకులో సినిమా పాట రికార్డు పెడతారు. బల్లల మీద కట్టిన వేదికపై కళాకారులు ఆ పాటలోని హీరో హీరోయిన్లలా వేషం వేసి ఆడతారు. కోస్తా జిల్లాల్లో దీనికి పెద్ద ఆదరణ ఉండేది. గిరాకీ ఎక్కువగా పండగల రోజుల్లోనే, మిగతా కాలమంతా కష్టమే. అసభ్యత పేరుతో ఆంక్షలు, పోలీసు కేసులు ఈ కళాకారుల జీవితాల్లో మామూలైపోయాయి. సినిమా మీద బతికిన ఈ మనుషుల గురించి సినిమా పట్టించుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కించవచ్చు.

ఇవి అప్పుడే ఎందుకు పుట్టాయి?

ఒక కారణం వారపత్రికలు. సీరియల్ కోసం బస్టాండు దుకాణం ముందు నిలబడే పాఠకులున్న రోజులవి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయ్’ సినిమా అయింది. ఆదివిష్ణు నవల ‘సత్యంగారిల్లు’ నుంచి ‘అహ నా పెళ్లంట’ వచ్చింది. వంశీ తానే రచయిత. కథ ముందు కాగితం మీద పుట్టి, పాఠకుల మెప్పు పొంది, తరువాత తెరకెక్కింది. అందుకే వీటిలో మనుషులకు వృత్తి ఉంటుంది, ఊరు ఉంటుంది, వాళ్లకంటూ ఒక పిచ్చి ఉంటుంది.

రెండోది, నటులు. రాజేంద్రప్రసాద్, నరేష్, చంద్రమోహన్ లాంటివాళ్లతో తీస్తే ఖర్చు తక్కువ, భయం తక్కువ. నాటకాల నుంచి వచ్చిన కోట శ్రీనివాసరావు, రాళ్లపల్లి, మల్లికార్జునరావు, భరణి వంటివాళ్లు పక్కన నిలబడితే సినిమా నిండిపోయేది. పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లగా హైదరాబాద్‌కు కదులుతున్న కాలం కూడా అదే. స్టూడియో సెట్టు వదిలి చిన్న యూనిట్‌తో పల్లెకు వెళ్లి, అక్కడి ఇళ్లలోనే కెమెరా పెట్టడం దర్శకులకు రుచించింది.

చిరంజీవి గూఢచారి, అమెరికా కుర్రాడు

జంధ్యాల పేరు చెబితే హాస్యం అంటారు. ఆయన తెగువ గురించి తక్కువ మాట్లాడతారు. ‘ఖైదీ’ తరువాత చిరంజీవి ఏ స్థాయిలో ఉన్నాడో తెలిసిందే. అలాంటి హీరో చేత 1986లో జేమ్స్ పాండ్ అని చెప్పుకు తిరిగే డిటెక్టివ్ పాండురంగారావు వేషం వేయించాడు. ఒక పాటలో చార్లీ చాప్లిన్‌గా నడిపించాడు. ఫైట్ల కోసం ఈలలు సిద్ధం చేసుకొచ్చిన అభిమాని తెల్లబోయాడు. తరువాత టీవీలో చూసినవాళ్లు మాత్రం ‘చంటబ్బాయ్’ని గుండెకు హత్తుకున్నారు. కవిత్వం రాసి పత్రికాఫీసు మీదికి దండెత్తే శ్రీలక్ష్మిని తలచుకుని నవ్వని తెలుగు ఇల్లు అరుదు. రెండో సగంలో సెంటిమెంటు బరువెక్కి నడక మందగిస్తుంది, నిజమే. అయినా తన మీద తానే నవ్వుకునే చిరంజీవి కావాలంటే వెళ్లాల్సింది ఇక్కడికే. 2019లో నెల్లూరు కుర్రాడు డిటెక్టివ్‌గా వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ చూసిన రోజున చాలామంది పెద్దవాళ్లకు పాండురంగారావే గుర్తొచ్చాడు.

మరుసటి ఏడాది జంధ్యాల ఇంకా దూరం వెళ్లాడు. ‘పడమటి సంధ్యారాగం’ దాదాపు మొత్తం అమెరికాలో తీశాడు. ఇంటి సంప్రదాయాన్ని వదలని తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి, అక్కడి అబ్బాయిని ప్రేమించిన కూతురిగా విజయశాంతి. డ్రమ్స్ శివమణి నటించాడు. సంగీతం ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. అమెరికా అంటే పాటకోసం రెండు నిమిషాలు చూపించే ఊరు అనుకునే రోజుల్లో, అక్కడికి వలస వెళ్లిన ఇంట్లో అన్నం బల్ల దగ్గర జరిగే గొడవను చూపించిన సినిమా ఇది. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లు దీన్ని చూస్తే తమ ఇంటి ముచ్చటే అనుకుంటారు.

> హాలీవుడ్ హీరో తొలి అడుగు తెలుగులో
> ‘పడమటి సంధ్యారాగం’లో విజయశాంతి సరసన కనిపించే కుర్రాడు టామ్ జేన్. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. థామస్ జేన్ పేరుతో తరువాత హాలీవుడ్‌లో ‘బూగీ నైట్స్’ (1997), ‘ద పనిషర్’ (2004), ‘ద మిస్ట్’ (2007) సినిమాల్లో నటించాడు. అతని తొలి సినిమా ఈ తెలుగు సినిమాయే.

హైదరాబాద్ ఫొటో స్టూడియో నుంచి బొంబాయి వంతెన దాకా

హిందీలో ఇదే కాలపు కల్ట్ సినిమా అనగానే అందరూ చెప్పే పేరు ‘జానే భీ దో యారో’ (1983). దీనికి మన ఊరితో లంకె ఉంది. దర్శకుడు కుందన్ షాతో పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన స్నేహితులు హైదరాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టి నానా అవస్థలు పడ్డారు. ఆ అనుభవాల్లోంచే ఇద్దరు అమాయక ఫొటోగ్రాఫర్ల కథ మొలకెత్తింది. నసీరుద్దీన్ షా, రవి బస్వానీ ఆ ఇద్దరు. బిల్డర్లు, కమిషనర్, పత్రిక యజమాని కలిసి ఊరిని పంచుకుతినే వ్యవహారం వీళ్ల కెమెరాకు చిక్కుతుంది. నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ డబ్బుతో, ఏడు లక్షల లోపు ఖర్చుతో తీశారు.

చివర్లో ద్రౌపదీ వస్త్రాపహరణం నాటకం మధ్యలోకి శవాన్ని తెచ్చి, దానికే ద్రౌపది చీర కట్టే ఘట్టం ఉంది. పద్యనాటకాలు చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకు ఈ సన్నివేశం మరింత రుచిస్తుంది. వేదిక మీద ఒకరు పద్యం మరిచిపోతే ఇంకొకరు సర్దుకోవడం, తెర వెనుక గొడవ తెర ముందుకు రావడం మనకు బాగా తెలిసిన సంగతులు. అంత నవ్వించాక వచ్చే ముగింపు మాత్రం గొంతులో ముద్ద దిగనివ్వదు. కథలో కూలిన వంతెనకు ఎవరు బాధ్యులో అందరికీ తెలుసు, జైలు బట్టలు మాత్రం ఇద్దరు అమాయకులకు తొడిగారు. వంతెనలు కూలిన వార్త ఎప్పుడొచ్చినా ఈ సినిమాను తలుచుకునేవాళ్లు ఉన్నారు.

క్యాసెట్టు చేసిన మేలు

1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. ఆ వెనుకే వీసీఆర్ దిగింది. ఒక రాత్రికి టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చి, వాకిట్లో పెట్టి, వీధి వీధంతా కూర్చుని చూసిన రోజులు చాలా ఊళ్లకు గుర్తే. మూడింటిలో రెండు పెద్ద హీరోలవి. మూడోది క్యాసెట్ల కొట్టువాడు ఇది కూడా పట్టుకెళ్లండి అని చేతిలో పెట్టేది. తెల్లవారుజామున మేలుకుని ఉన్న నలుగురు చూసేది అదే. వేరే దారి సినిమాలకు అభిమానులు పుట్టింది చాలావరకు అలాంటి వేళల్లోనే.

దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషల్లో అవార్డు చిత్రాలు వేసేది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సినిమా రోజువారీ వ్యవహారమైంది. హాల్లో ఒకసారి చూసి వదిలేసిన సినిమా ఇంట్లో పదిసార్లు కనిపించింది. మాటలు నోటికొచ్చాయి. అమ్మమ్మ కూడా బట్టల సత్తిలా మాట్లాడి మనవల్ని నవ్వించింది. ఈ సినిమాల గురించి వ్యాసం రాసినవాళ్లు కొందరే. ఇష్టంగా తలుచుకుని పక్కింటివాళ్ల చేత చూపించినవాళ్లు వేలమంది.

> ఒకే రోజు ఓడి, తరువాత గెలిచాయి
> అమెరికాలో 1982 జూన్ 25న రెండు సినిమాలు విడుదలయ్యాయి. రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’, జాన్ కార్పెంటర్ ‘ద థింగ్’. రెండు వారాల ముందు వచ్చిన స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ హవాలో రెండూ వెనకబడ్డాయి. వీడియో క్యాసెట్ల మీద చూసినవాళ్లు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. మన దేశంలో కమల్ స్వరూప్ 1988లో తీసిన ‘ఓం దర్ బదర్’ హాళ్లలో విడుదల కావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నేళ్లూ అది చేతులు మారిన కాపీల మీదే బతికింది.

ఇవాళ్టి కళ్లతో

ఇష్టమని కళ్లు మూసుకోలేం. ‘లేడీస్ టైలర్’లో ఆడవాళ్ల ఒంటిని వెతకడమే హాస్యమైన చోట్ల ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది. సుజాత పాత్రకు అర్చన తెచ్చిన నిబ్బరమే ఆ కథకు కాస్త నైతిక బలం. 1987లో వంశీ తీసిన ‘మహర్షి’ మరీ చిక్కు. తనను వద్దన్న అమ్మాయి వెంటపడి చివరికి మతి చలించిన యువకుడి కథ. ఇళయరాజా పాటల వల్ల ప్రేమకథగా చలామణి అయింది. అది వేధింపు కథ అని ఇప్పటి అమ్మాయిలు అంటే, వాళ్లు చెప్పేది సరైనదే. అయితే ఆ కుర్రాడిని వీరుడిగా చూపించకుండా నాశనమైన మనిషిగా చూపించిన సంగతి కూడా ఆ చర్చలో చేర్చాలి. ఇలాంటి వాదన ఇంట్లో తల్లీ కూతుళ్ల మధ్య జరిగితే సినిమా ఇంకా ప్రాణంతో ఉందన్నమాటే.

ఆ పాత గాలిని మళ్లీ పట్టుకోవడం తీసినవాళ్లకే కుదరలేదు. 2017లో వంశీ ‘ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్’ తీస్తే జనం ఆదరించలేదు. 1986 నాటి ఆ ఊరు, ఆ నటులు, ఆ తీరిక మళ్లీ సమకూరేవి కావు.

మంచి ప్రింటు కావాలి

‘జానే భీ దో యారో’ను ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ శుభ్రం చేయించి 2012లో మళ్లీ హాళ్లలో వేసింది. మన సినిమాలకు ఆ భాగ్యం ఎక్కువగా పట్టలేదు. యూట్యూబ్‌లో ఇలాంటి సినిమాలు తెరిస్తే చాలాసార్లు కనిపించేది వెలిసిన రంగులు, మూల మూలనా ముద్రలు, అంచులు తెగిన బొమ్మ. గోదారి మీది ఉదయపు వెలుగును ఛాయాగ్రాహకుడు ఎంత కష్టపడి పట్టుకున్నాడో ఆ కాపీలో తెలియదు. పెద్ద హీరోల సినిమాలకు 4కె స్పష్టత తెస్తున్న సంస్థలు ఏడాదికి ఒక్క చిన్న సినిమాను ఎంచుకున్నా చాలు. ప్రభుత్వాలు సినిమా పేరిట అవార్డులు ఇస్తుంటాయి. నెగెటివ్‌లు వెతికి భద్రం చేసే పనికి కూడా కాస్త డబ్బు కేటాయించాలి. సినిమా తీసినవాళ్లలో కొందరు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఏ రంగు ఎలా ఉండాలో వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని సరిచేయించే అవకాశం ఇప్పుడే ఉంది.

ఈలోగా దొరికిన కాపీతోనే మొదలుపెట్టండి. చదవడం రాని పసివాళ్లున్న ఇంట్లో ‘పుష్పక విమానం’ వేయండి, కథ వాళ్లే మీకు చెబుతారు. తీర్థాల్లో రికార్డింగ్ డాన్సులు చూసిన తాతయ్య ఉంటే ‘కనకమహాలక్ష్మి’ పెట్టి పక్కన కూర్చోండి, సినిమా కన్నా ఆయన కబుర్లు ఎక్కువసేపు నడుస్తాయి. అబ్బాయి అమెరికాలో ఉంటే ‘పడమటి సంధ్యారాగం’ లింకు పంపించి, చూశాక ఫోన్ చేయమనండి. అందులో తండ్రిది తప్పా, కూతురిది తప్పా అని అడగండి.